తలుపు వంతు

పుష్య బహుళ తదియ

పన్నెండో తరగతి పరీక్షలు రాశాక నేను మళ్ళీ కలం పట్టలేదు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ పట్టడం లేదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే గోడవైపు తిరిగి చెబితే చాలు, గోడే రాసి దాచిపెడుతుంది. కాని గోడకు చెప్పిన మాట గోడ దగ్గర ఆగదు. ఒకసారి జ్వరంగా ఉంది స్వామీ అని దేవుడికి చెప్పుకుంటే మర్నాడు కంపెనీవాళ్ళు నా పనిగంటలు తగ్గించారు. అందుకని ఈ కాగితాలు కొన్నాను. కాగితానికి చెవులు లేవు. ఒత్తుల దగ్గర చెయ్యి తడబడుతోంది. అయినా రాస్తాను. హైమ పోయింది. ఆ మాట గోడకు చెప్పబుద్ధి కాలేదు.

హైమా నేనూ ఏళ్ళ తరబడి ఒకే తెప్ప మీద పనిచేశాం. తెప్ప నడిసముద్రంలో ఉంటుంది. ఒకప్పుడు అక్కడ వరిపొలాలు ఉండేవట. ఇప్పుడు తాళ్ళు కట్టి నాచు పెంచుతున్నారు. తెప్పకు రెండు జతల ఇనుప చేతులు. ఎడమవైపు జత నాది, కుడివైపుది హైమది. నేను పాతరేవులో నా గదిలో కూర్చుని తొడుగులు వేసుకుని వేళ్ళు కదిపితే అక్కడ నా ఇనుపవేళ్ళు కదులుతాయి. ఆమె తన ఊళ్ళో తన గదిలో కూర్చునేది. పనివేళల్లో మాటలు కుదరవు. ఆదివారాలు మాట్లాడుకునేవాళ్ళం. మాటే, ముఖం కాదు. ముఖం చూపడానికి వేరే రుసుము, అది ఇద్దరికీ దండగ అనిపించింది. అందువల్ల హైమ ఎలా ఉండేదో నాకు తెలియదు. ఆమె చేతులు మాత్రం తెలుసు. పొద్దున తొడుగులు వేసుకోగానే తాడు మీద వేలితో రెండుసార్లు తట్టేది. నేను రెండుసార్లు తట్టేదాన్ని. అదే మా నమస్కారం.

మొన్న ఆమె తట్టలేదు. నేను తట్టాను. కుడివైపు చేతులు తాడు పట్టుకుని అలాగే ఉన్నాయి. మంచినీళ్ళకు లేచిందేమో అనుకున్నాను. పోటు ఎక్కింది, నాచు జారిపోతోంది, ఆ చేతులు విడవలేదు, లాగలేదు. నేను తొడుగులు తీసేసి వాళ్ళ ఊరికి ఫోన్ చేశాను. పలికిన గొంతు ఎంతో మర్యాదగా, కుటుంబసభ్యులు కోరితే తప్ప నివాసి తలుపు తీయడం కుదరదని చెప్పింది. మీరు ఆమెకు ఏమవుతారని అడిగింది. పక్క చేతులనని చెప్పాను. అలాంటి బంధుత్వం తమ జాబితాలో లేదంది.

తలుపు మర్నాడెప్పుడో తీశారట. అప్పటికి మించిపోయింది.

ఇవాళ నేను పనిలోకి వెళ్ళేసరికి ఆమె ఇనుపవేళ్ళు ఇంకా తాడుకే ఉన్నాయి. ఒక్కొక్క వేలే విడదీశాను. తరువాత నా ఇనుప దోసిట్లో సముద్రపు నీళ్ళు పట్టి మూడుసార్లు వదిలాను. ఆడవాళ్ళు తర్పణం వదలకూడదని మా నాయన అనేవారు. ఇనుప చేతులకు ఆ నియమం ఉందో లేదో నాకు తెలియదు. తప్పయితే స్వామి క్షమిస్తాడు.

పుష్య బహుళ ఏకాదశి

ఉగాదితో పాతరేవు మూసేస్తారు. కట్ట మీది పంపులు ఆపేస్తే ఊళ్ళోకి సముద్రం వస్తుంది. సగం వీధులు ఇప్పటికే ఖాళీ. ఆలోగా ప్రతి మనిషీ ఏదో ఒక ఊరికి చెందాలి. ఊరు లేని మనిషికి తొడుగులు ఇవ్వరు. నా పనికి ఎక్కడున్నా ఒకటే కాబట్టి, ఎక్కడ పన్ను తక్కువో చూసుకుని పోవడమే తెలివని అందరూ అంటారు.

నాకు రెండు ఊళ్ళు తేలాయి. ఒకటి హైమ ఉన్న ఊరు, స్వేచ్ఛానగరం. జనం సున్నా ఊరంటారు, అక్కడ పన్నే లేదు. రెండోది ఎర్రగుట్ట. సంపాదనలో దాదాపు సగం పన్నుకే పోతుంది, అది చాలదన్నట్టు ఒంటరివాళ్ళకు ఒంటి సుంకమని ఇంకొంత. దాన్ని వంతుల ఊరంటారు. డబ్బు కట్టాక కూడా అందరూ వంతులవారీగా ఊరిపని చెయ్యాలట.

ఇందులో ఆలోచించడానికి ఏముందని హైమ అనేది. "ఒక్క రూపాయి పన్ను లేదు వకుళా. నువ్వూ నీ దేవుడూ, నేనూ నా నిద్రా. ఎవరూ తలుపు కొట్టరు." తన పక్కగది ఖాళీ అయితే నా చేత బయానా కట్టించింది. ఆ బయానా ఇప్పటికీ చెల్లుతుంది.

నా కుడి బొటనవేలు మొద్దుబారుతోంది. తొడుగుల పని చేసేవాళ్ళకు చివరికి ఇదే వస్తుంది. కొన్నేళ్ళు గడుస్తాయేమో. నాకు భర్త లేడు, పిల్లలు లేరు, పెళ్ళి కుదరలేదు, దానికి నేను బాధపడిందీ లేదు. కాని చేతులు ఆగిపోయే రోజు వస్తుంది. అది వచ్చేలోగా నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలంటే సున్నా ఊరు. వచ్చిననాడు పక్కన మనుషులుండాలంటే ఎక్కడో నాకు తెలియదు. ఏ ఊరికీ అలాంటి ప్రకటన చూడలేదు.

పుష్య అమావాస్య

సున్నా ఊరు చూసి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి. చాలా బాగుంది. ఎప్పుడు తిప్పినా కుళాయిలో మంచినీళ్ళు. మెట్ల మీద దుమ్ము లేదు. ఎదురుపడిన వాళ్ళు చిన్నగా తలవంచి వెళ్ళిపోతారు. పెళ్ళయిందా, ఏ కులం, జీతమెంత అని ఎవరూ అడగలేదు. నాలాంటి దానికి అది పెద్ద సుఖం. గదిలో దేవుడి గూడు ముందే కట్టి ఉంది. దీపం మాత్రం వత్తి లేనిది, మీట నొక్కితే వెలుగుతుంది. నిప్పు పనికిరాదట.

పాలు పొంగించే పొయ్యి కూడా చూపించారు. వెనకటికి ఒక ఊళ్ళో ఉంటున్నామని కాగితాల మీద సంతకం పెట్టి మరో ఊళ్ళో కాపురముండేవాళ్ళు. పన్ను ఎగ్గొట్టడానికి అందరికీ అదే దారి. సంతకం అబద్ధం చెబుతుంది గాని, ఉండబోని ఇంట్లో పాలు పొంగించే మనిషి ఉండడని ఎవరో పెద్దమనిషికి తోచి, అదే చట్టం చేశారు. పాలు పొంగిన ఊరే నీ ఊరు. ఒక మనిషికి ఒకే ఊరు. సున్నా ఊళ్ళో ఆ పొయ్యి పైన గాజుకన్ను ఉంది. పాలు పొంగగానే అది చూసి నమోదు చేస్తుంది. పాల పొట్లం వాళ్ళే ఉచితంగా ఇస్తారు. ఒక్కరే పొంగించుకోవచ్చమ్మా, ఎవరినీ పిలవనక్కర్లేదని చూపించిన అబ్బాయి సంబరంగా చెప్పాడు.

నా గది పక్కన హైమ గది. తలుపు మీద కొత్త పేరు వచ్చేసింది. నేను వేలితో రెండుసార్లు తట్టి వచ్చేశాను.

మాఘ శుద్ధ తదియ

ఎర్రగుట్టకు వచ్చి మూణ్ణాళ్ళయింది. ఇక్కడ చూసుకోవడానికి గడువిస్తారు. ఆలోగా పాలు పొంగించకపోతే అతిథిగా వెళ్ళిపోవచ్చు. ఒక గది, చిన్న వాకిలి, గుట్ట వాలులో ఇరుకు సందు. నీళ్ళు వంతు ప్రకారం వస్తాయి. తొడుగులూ కళ్ళద్దాలూ పెట్టుకుని పనిచేస్తుంటే కిటికీలోంచి తొంగిచూసి ఎవరితో సైగలు చేస్తున్నావని అడుగుతారు.

మొదటినాడు పొద్దున్నే పూజలో ఉండగా తలుపు దబదబా మోగింది. లేచావా వకుళమ్మా అని కేక. లేచానండీ అన్నాను. మళ్ళీ మోగింది. నాకు చేతనైనంత గట్టిగా లేచానని చెప్పాను. మూడోసారికి గడియ అదిరింది. హారతి పక్కన పెట్టి పరుగెత్తి తీశాను. ఎదురుగా పక్కింటి మస్తానమ్మ. అరవై దాటిన మనిషి, ఒక బర్రెను పెట్టుకుని సందంతటికీ పాలు పోస్తుంది. ఆమె వెనక గరటయ్య అనే ముసలాయన, చేతిలో గడ్డపారతో.

"పలకవేందమ్మా? తలుపు పగలగొడదామని ఈయన్ని లేపుకొచ్చా," అంది మస్తానమ్మ.

"పలికాను అక్కా."

"అదీ పలకడమేనా? చీమ తుమ్మినట్టుండాది."

ఒంటరిగా ఉండే ప్రతివాళ్ళ తలుపూ పొద్దున్నే ఒకరు వెళ్ళి తట్టాలట. లోపలినుంచి పలుకు వినపడితేనే కదలాలి. మూడుసార్లు తట్టినా పలక్కపోతే గడ్డపార. దాన్ని తలుపు వంతంటారు. సందు మొదట్లో గోడకు ఎప్పుడూ ఒక గడ్డపార ఆనించి ఉంటుంది. మస్తానమ్మ నా భుజం మీదుగా లోపలికి చూసి, దేవుడి గూట్లో ఉన్న నా ఇత్తడి గంట కనిపెట్టింది. రేపటినుంచి దాన్ని కొట్టు, నీ గొంతుతో మేం వేగలేం అంది.

అప్పటినుంచి రోజూ తలుపు మోగగానే గంట కొడుతున్నాను. పూజ మధ్యలో ఆగిపోతోంది. స్వామికి కొట్టే గంట నేను బతికే ఉన్నానని చెప్పడానికి కొట్టవలసి వస్తోంది. ఇదేమీ నాకు నచ్చలేదు. ఈ గడువు గడిపి సున్నా ఊరికే పోతాను. లెక్క చూసినా అదే, మనశ్శాంతి చూసినా అదే.

మాఘ శుద్ధ సప్తమి

రథసప్తమి. ఊహ తెలిసినప్పటినుంచి ఈ పండుగ మానలేదు. గుట్ట వెనక జిల్లేడు ఉంది. రేగుపళ్ళూ దొరికాయి. ఆకులు తలమీద, భుజాల మీద పెట్టుకుని స్నానం చేశాను. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగితే ప్రవేశం అయిపోతుందని గుర్తుంది. అందుకని ఆ పొయ్యి జోలికే పోలేదు. మస్తానక్కను పిడకలు అడిగాను. ఎందుకని కూడా అడక్కుండా గంపెడు ఇచ్చింది. వాకిట్లో ముగ్గుతో సూర్యుడి రథం వేసి, పిడకలు రాజేసి, ఆమె బర్రెపాలే పెట్టాను. సూర్యుడు గుట్ట అంచు దాటే వేళకు పాలు తూర్పుకు పొంగాయి. ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. పాతరేవులో నిప్పు రాజేయడానికి అనుమతి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. విద్యుత్ పొయ్యి మీద పొంగిస్తే పొంగుతాయి గాని పిడకల వాసన లేదు.

పరమాన్నం చేసి చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టాను. ఒక్కదాన్నే అంత తినలేను. పాలు పొంగుతుంటే గుమ్మాల్లోంచి చూసిన మస్తానక్కకూ, గరటయ్య బాబాయికీ, ఎదురింట్లో బట్టలు కుట్టే ఎస్తేరుకూ పంచాను. ముగ్గురూ వాకిట్లోనే నిలబడి తిన్నారు. గరటయ్య బాబాయి ఆకు నాకేశాడు. మస్తానక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బెల్లం అంత బాగా కుదిరిందా అనుకున్నాను.

మాఘ శుద్ధ అష్టమి

ఏమి చేశానో ఇవాళ తెలిసింది.

పొద్దున్నే మస్తానక్క ఉప్పూ పసుపూ పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. ఎస్తేరు నా గుమ్మానికి తెర కుట్టి తెచ్చింది. నా ముగ్గు చూసి, తెర అంచుకు రథాలు కుట్టింది. గరటయ్య బాబాయి తలుపు పక్కన మేకు కొట్టి, గంటకని చెప్పాడు. నాకు అర్థం కాలేదు. సందు మొదట్లో నల్లబల్ల మీద వంతుల పేర్లు రాసి ఉంటాయి. అందులో కింద సుద్దతో వకుళ అని ఉంది.

ఈ ఊళ్ళో గాజుకన్ను లేదు. పాలు పొంగగా ముగ్గురు చూస్తే చాలు. పొయ్యి ఎక్కడుందన్నది కాదు, చూసినవాళ్ళు ఎవరన్నదే లెక్క. మస్తానక్క దర్గాకు వెళ్ళే మనిషి, ఎస్తేరు చర్చికి వెళ్ళే పిల్ల, గరటయ్య బాబాయి దేవుడి మాటెత్తితే నవ్వుతాడు. రథసప్తమికి పాలు పొంగిస్తారని ఆ ముగ్గురికీ తెలియదు. వాళ్ళు చూసింది ఒకటే. కొత్తగా వచ్చిన మనిషి వాకిట్లో పాలు పొంగించి తమకు తీపి పెట్టింది. నిన్న సాయంత్రమే వెళ్ళి సాక్ష్యం చెప్పి వచ్చారట.

అది కాదండీ, నేను ఇంకా, అన్నాను. ఎస్తేరు తెర కడుతూ పాట అందుకుంది. నా మాట ఎవరికీ వినపడలేదు. నేను వెళ్ళి తెర రెండో కొస పట్టుకున్నాను.

మాఘ శుద్ధ ఏకాదశి

ఉపవాసం ఉండి నివాసాల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అధికారి కోదండపాణి, నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. టీ తాగుతూ రిజిస్టరు చూశాడు.

"పాలు పొంగాయి, తూర్పుకు పొంగాయి, తొలిముద్ద ఇరుగుపొరుగుకి పెట్టారు. ఇంతకంటే ప్రవేశం ఏముంటుందమ్మా?"

అది రథసప్తమి బాబూ అన్నాను. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. కాసేపటికి నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. వాళ్ళావిడ కూడా ఆరోజు పొంగించిందట, తనకు తట్టనే లేదట. తరువాత నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. పౌర్ణమి మర్నాటి లోపల ఆ ముగ్గురే వచ్చి, అవి ప్రవేశం పాలు కావని చెబితే పేరు కొట్టేస్తాడు. లేకపోతే ఉగాదినుంచి నేను ఎర్రగుట్ట మనిషిని. సున్నా ఊళ్ళో ఒప్పందం చెల్లదు, బయానా తిరిగి రాదు.

నా జీతం అడిగి వేళ్ళ మీద ఏదో లెక్కవేశాడు. నేను చెప్పకూడదు గాని, డబ్బు ప్రకారం చూస్తే మీకు అక్కడే మేలమ్మా అన్నాడు. మంచివాడు. వెళ్ళబోతూ ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్నది అడిగాను. పెళ్ళి చేసుకోనివాళ్ళకు ఈ ఊళ్ళో ఎందుకు బాబూ జరిమానా అని.

అతను తెల్లబోయాడు. "జరిమానా కాదమ్మా. ఒంటి సుంకం తలుపు వంతుకే పోతుంది. గడ్డపార, పగిలిన తలుపుకు కొత్త తలుపు, వైద్యుడి బండి, అన్నీ అందులోంచే. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నవాళ్ళకు ఆ ఖర్చు లేదుగా."

దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను.

మాఘ శుద్ధ ద్వాదశి

మస్తానక్కకు చెప్పడానికి వెళ్ళాను. బర్రెకు కుడితి పెడుతోంది. వినపడుతుందో లేదోనని దగ్గరగా నిలబడి అంతా చెప్పాను. పొరపాటు జరిగింది, ఆ పాలు సూర్యుడికి, నేను వెళ్ళిపోదామనుకుంటున్నాను, మీరు వచ్చి ఆ మాట చెప్పాలి. కోప్పడుతుందనుకున్నాను. ఏడిస్తే ఎలాగా అని కూడా భయపడ్డాను.

"ఇంతేనా? చెప్తాలే," అంది. "సూరీడికి పాలు పోస్తారని నాకేం తెలుసు, మా ఇంటా వంటా లేదు. వాళ్ళిద్దర్నీ నేనే లాక్కొస్తా. తెర మాత్రం పట్టుకుపో, ఎస్తేరు రాత్రంతా కుట్టింది."

నాకు తేలికపడాలి. పడలేదు. అక్కడే నిలబడి, చేతులు పనికిరాకుండా పోతే ఈ ఊళ్ళో పన్ను ఎట్లా కడతారక్కా అని అడిగాను.

"నేను రూపాయి కట్టి ఎన్నేళ్ళయిందో. వంతులే కడతా. చేతులు పోతే కాళ్ళతో కట్టు, కాళ్ళు పోతే నోటితో కట్టు. నీకు నోరు లేదనుకో, గంటుందిగా." కుడితి తొట్టి కడుగుతూ మళ్ళీ అంది. "ఒక మాట. పౌర్ణమినాడు తలుపు వంతు నీ పేరున పడింది. పేరు కొట్టేసేదాకా వంతు వంతే."

మాఘ పౌర్ణమి

తెల్లవారుతూండగా గంట పట్టుకుని బయలుదేరాను. గడ్డపార ఇంకో చేత్తో తీసుకున్నాను. నా గొంతు తలుపు దాటదని తెలుసు, అందుకని తట్టడం మాని ప్రతి గుమ్మం ముందూ గంట మోగించాను.

గరటయ్య బాబాయి దగ్గు ముందు వినపడింది, తరువాత మాట. చావలేదులే, పో, అన్నాడు. ఎస్తేరు కుట్టుమిషను ఒక్కసారి గడగడలాడించింది, ఆమె జవాబు అదేనట. మస్తానక్క ఇంటిముందు ఆమెకంటే ముందు బర్రె పలికింది. బర్రె మాట చెల్లదని నేను నిలబడే ఉన్నాను. అప్పుడు లోపలినుంచి, కొత్త పూజారి వచ్చాడర్రా, అని ఆమె నవ్వు. చెవులు వినిపించని ఒక అవ్వ గుమ్మానికి తాడు వేలాడుతోంది. లాగితే అవతల ఆమె తిరిగి లాగింది. నాకు తెప్ప మీది తాడు గుర్తొచ్చి కాసేపు అక్కడే ఆగాను.

చివరి ఇల్లు పంపు దగ్గర, ఒంటరిగా ఉండే ఒకాయనది. గంట మోగించాను, పలుకు లేదు. మళ్ళీ మోగించాను. లేదు. మూడోసారి మోగించాను. లోపల ఏమీ కదల్లేదు. హైమ తలుపు ముందు ఉన్నట్టే అనిపించింది. మొద్దుబారిన బొటనవేలు ఇనుము మీద సరిగా మడవడం లేదు, రెండు చేతులా ఎత్తాను. ఎత్తినప్పుడు ఒకటి తెలిసింది. నువ్వు ఈయనకు ఏమవుతావని ఇక్కడ ఎవరూ అడగరు. ఈ తలుపు పగలగొట్టడానికి నేను ఎవరి కుటుంబసభ్యురాలినీ కానక్కర్లేదు.

గడ్డపార గడియకు తగిలేలోగా పక్కనుంచి ఆ ఇంటాయనే పరుగెత్తుకుని వచ్చాడు. నోట్లో వేపపుల్ల, పెదాల నిండా నురగ, మాట రాక చెయ్యి ఊపుతున్నాడు. పెరట్లో పళ్ళు తోముకుంటున్నాడట. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఆయన పుల్ల ఉమ్మేసి, భయపడిపోయి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తప్పయిపోయిందమ్మా, రేపటినుంచి పుల్లతోనే పలుకుతా, అన్నాడు. జారిన గడ్డపార తగిలి తలుపు మీద చిన్న గాటు పడింది. ఉండనివ్వమన్నాడు.

అంతే, ఇంకేమీ జరగలేదు. సందులో అందరూ పలికారు. ఇంటికి వచ్చి ఆగిపోయిన పూజ మళ్ళీ మొదలుపెట్టాను. ఇవాళ గంట కొడుతుంటే ఎవరికోసం కొడుతున్నానో విడదీసి చెప్పుకోలేకపోయాను. స్వామికి అభ్యంతరం ఉన్నట్టు తోచలేదు.

మాఘ బహుళ పాడ్యమి

ముగ్గురూ నాతో ఆఫీసుకు వచ్చారు. మస్తానక్క దారి పొడుగునా వాళ్ళకు నేర్పుతూనే ఉంది. సూరీడి పాలు, సూరీడి పాలు అనండి, ఇంకేం వాగొద్దు, అని. గరటయ్య బాబాయి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కోదండపాణి రిజిస్టరు తెరిచి, నా పేరు మీద కలం పెట్టి, మొదట నన్నే అడిగాడు.

"చెప్పండమ్మా. అవి పూజకు పొంగించిన పాలేనా? పేరు కొట్టేయమంటారా?"

నా దగ్గర రెండు లెక్కలు ఉన్నాయి. చేతులు ఆగేలోపు ఎంత వెనకేసుకోగలనన్నది ఒకటి. అది ఎంత వేసినా ఒక గది, మీట నొక్కే దీపం, మూసిన తలుపు దగ్గర తేలుతోంది. ఆగిననాడు పక్కన ఎవరుంటారన్నది రెండోది, అది ఎంతకీ అంకెల్లోకి రావడం లేదు. ఎర్రగుట్టలో నాకు మిగిలేదేమీ ఉండదు. బొటనవేలు రేపు బాగుపడదు. అది తెలిసే చెప్పాను.

"పూజకే బాబూ. అయినా పేరు ఉంచండి."

అతను తల పైకెత్తాడు. "ఏమన్నారమ్మా? వినపళ్ళా."

నేను మళ్ళీ నోరు తెరిచేలోగా వెనకనుంచి మస్తానక్క అందుకుంది.

"ఉంచమంటంది. నాకినపడిందిలే, రాసుకో."

ఫాల్గుణ శుద్ధ దశమి

బయానా పోయింది. ఉగాదినుంచి లెక్కయ్యే పన్ను ముందుగానే కట్టాను, మిగిలింది రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను, దాచడం ఎందుకు. పాతరేవునుంచి దేవుడి పటాలూ తొడుగులూ తెచ్చుకున్నాను. పాలు మళ్ళీ పొంగించనక్కర్లేదని ఆఫీసులో చెప్పారు. అయినా ఇంట్లో పొయ్యి మీద ఒకసారి పొంగించాను. ఈసారి మస్తానక్క వచ్చి, ఇవి ఎవరివి, సూరీడివా మనవా, ముందే చెప్పు, అని అడిగి గాని ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

సాయంత్రాలు వేళ్ళకు నువ్వులనూనె రాసుకుంటున్నాను. కొన్నాళ్ళు తాడుకు రానని వేలు మొండికేస్తుంది, కొన్నాళ్ళు వింటుంది. ఎస్తేరు దగ్గర కాళ్ళతో మిషను తొక్కడం నేర్చుకుంటున్నాను. నా కుట్టు పాము పాకినట్టు పోతోందని ఆ పిల్ల సందంతా చెప్పింది.

తెప్ప మీద కుడివైపు కొత్త చేతులు వచ్చాయి. ఎవరో తెలియదు, ఏ ఊరో తెలియదు. తాడు మరీ గట్టిగా పట్టుకుంటాయి, నాచు తెగిపోతుంది. రోజూ పొద్దున నేను వేలితో రెండుసార్లు తట్టాను. ఆ చేతులు ఆగి చూసేవి, మళ్ళీ పనిలో పడేవి. ఇవాళ తట్టగానే ఆ చేతులు పట్టు సడలించాయి. తరువాత కుడివైపునుంచి ఒకసారి, భయంభయంగా ఇంకోసారి. ఆదివారం ఫోన్ చెయ్యమని నా నంబరు పంపాను. ఎర్రగుట్ట గురించి చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. ముందు ఆ మనిషి ఊళ్ళో తలుపు ఎవరు తడతారో అడగాలి.

ఈ కాగితాలు ఇక్కడితో చాలిస్తాను. గుడ్డలో చుట్టి మస్తానక్కకు ఇస్తున్నాను. ఆమెకు చదువు రాదు, అందుకే ఆమెకు. అక్కా, ఇవి దాణా పెట్టె అడుగున ఉంచు. ఎవరికీ చూపించవద్దు, నేను అడిగినా నాకూ చూపించవద్దు. తడవనివ్వకు, పారెయ్యకు. హైమ పేరు మనిషి చేత్తో రాసిన కాగితం లోకంలో ఇదొక్కటే.